పార్కు గేటు దగ్గర ర్యాంపు కట్టిస్తే సరిపోతుందా?

గేటు దగ్గర ర్యాంపు కట్టించి, నడకదారికి చూపు లేనివాళ్ల కోసం ఉబ్బెత్తు గీతలు, చుక్కలున్న పసుపు టైల్స్ వేయిస్తే మా కాలనీ పార్కు అందరికీ పనికొస్తుందా అని అడిగారు. ఆ రెండే అయితే పనికిరాదండి. ఆటో దిగిన చోటి నుంచి బెంచీ దాకా, బెంచీ నుంచి టాయిలెట్ దాకా దారి ఎక్కడా తెగకూడదు. మధ్యలో రెండంగుళాల గట్టు ఒక్కటి అడ్డొచ్చినా వీల్‌చైర్ అక్కడే ఆగిపోతుంది.

ముందు గేటు చూడండి. బైకులు రాకుండా చాలా పార్కుల్లో ఇనప పైపులతో వంకర దారి పెడతారు, లేదా తిరిగే గేటు బిగిస్తారు. వీల్‌చైర్, వాకర్, పసిపిల్లల బండి ఏవీ అందులో పట్టవు. పక్కనున్న పెద్ద గేటుకేమో ఎప్పుడూ తాళం. అడ్డు లేని దారి కనీసం 3 అడుగులు ఉండాలి. దిమ్మెలు పాతితే వాటి మధ్య 4 అడుగులు వదలాలి. బైకులు దూరతాయని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే, దూరతాయి. స్కూటర్ హ్యాండిల్, వీల్‌చైర్ వెడల్పులో దాదాపు ఒకటే కాబట్టి ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని వదిలే ఏర్పాటు కుదరదు. బైకుల సంగతి వాచ్‌మన్‌కి అప్పగించండి.

ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. అంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. మెట్టు 6 అంగుళాలుంటే ర్యాంపు 6 అడుగులు, గట్టు 2 అడుగులుంటే 24 అడుగులు. మేస్త్రీల చేతికి అలవాటైంది స్కూటర్ ఎక్కించే వాలు. 6 అంగుళాల మెట్టుకి 2 అడుగుల ముక్క పోసేస్తారు, అది 1:4 అవుతుంది. దాని మీద వీల్‌చైర్ ముందు చక్రాలు లేచి మనిషి వెనక్కి పడే ప్రమాదం ఉంది. ఎదురుగా స్థలం లేకపోతే ప్రహరీ వెంబడి పక్కకు తిప్పి కట్టించండి. వాలు సరిచూడటం తేలిక: 3 అడుగుల రసమట్టం పై కొసను ర్యాంపు మీద ఆనించి, బుడగ మధ్యకొచ్చేదాకా కింది కొస ఎత్తి పట్టుకోండి. ఆ కొస కింద సందు 3 అంగుళాలు మించితే వాలు ఎక్కువైనట్టే.

ర్యాంపు పైనా కిందా 5 అడుగుల చదరపు చదును వదలాలి. పైన చదును లేకుండా గేటు పెడితే, తలుపు తీసేటప్పుడు వీల్‌చైర్ వెనక్కి జారుతుంది. పక్కలకి 3, 4 అంగుళాల అంచు కట్టిస్తే చక్రం కిందికి దిగదు. రెయిలింగ్ పైపులు రెండు ఎత్తుల్లో పెట్టించండి, 700 మి.మీ. ఒకటి, 900 మి.మీ. ఒకటి. ర్యాంపు పైభాగానికి నున్నటి గ్రానైట్ వద్దు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు గీయిస్తే చాలు, వానలో జారదు.

లోపల దారి 4 అడుగులకు తగ్గకూడదు, 6 అడుగులుంటే రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వెళ్లగలవు. ఇంటర్‌లాక్ రాళ్లు కుంగడానికి చాలాసార్లు కారణం కింద మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోవడమే. చెట్ల మొదళ్ల దగ్గర వేర్లు రాళ్లను పైకి లేపుతాయి కాబట్టి దారిని అక్కడ కాస్త దూరంగా తిప్పండి. కాలువ మీది ఇనప జాలీ కమ్మీలు నడకకు అడ్డంగా ఉండాలి, సందు అర అంగుళం దాటకూడదు. కమ్మీలు నడక దిశలోనే ఉంటే ముందు చక్రం, చేతికర్ర కొన రెండూ ఇరుక్కుంటాయి.

పసుపు టైల్స్ విషయంలో జరిగే తప్పులు ఇంకా ఎక్కువ. పొడవు గీతలున్న టైల్ అంటే సాగిపో, చుక్కలున్నది అంటే ఆగు, జాగ్రత్త. డిజైన్ బాగుంటుందని రెండూ కలిపి పరిస్తే చూపు లేని మనిషికి తప్పుడు దారి చెప్పినట్టే. చుక్కల టైల్ మెట్లకు అడుగు ముందు, దారి మలుపుల్లో వేయాలి. గీతల వరుస గేటు నుంచి నీళ్ల కుళాయి, టాయిలెట్ దాకా వెళ్తే చాలు, పార్కంతా అక్కర్లేదు. వరుసకి ఇరువైపులా 2 అడుగుల్లోపు స్తంభం, చెత్తడబ్బా ఉండకూడదు. చుట్టూ పసుపు రాళ్లే ఉంటే మసకచూపు వాళ్లకి ఆ టైల్ కనపడదు, అక్కడ రాళ్లు ముదురు రంగువి ఎంచుకోండి. కొమ్మల్ని 7 అడుగుల పైదాకా కొట్టించండి. రెండు కాళ్ల మీద నిలబెట్టిన బోర్డు కింద నుంచి చేతికర్ర వెళ్లిపోతుంది, తల మాత్రం బోర్డుకి కొట్టుకుంటుంది.

జ్ఞాపకార్థం ఇచ్చే గ్రానైట్ బెంచీలకి చాలావరకు వీపు ఆనదు, చేతులుండవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వాటి మీంచి లేవలేరు. 18 అంగుళాల ఎత్తు, వీపు, రెండు చేతులూ ఉన్న బెంచీలు ఇవ్వమని దాతలకే చెప్పండి. పక్కన 3 అడుగుల చదును వదిలితే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు కూడా ఆ కబుర్లలో కూర్చోగలరు. టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల 5 అడుగుల వృత్తంలో వీల్‌చైర్ తిరగాలి. దాన్ని చీపుళ్ల గది చేయనివ్వకండి.

మున్సిపాలిటీకి రాసేటప్పుడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని, అందరికీ అనువైన నిర్మాణాలపై కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలను పేర్కొనండి. దివ్యాంగులకు బహిరంగ స్థలాలు అందుబాటులో ఉండాలని వేసిన రాజీవ్ రాతూరీ కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా పనికొస్తుంది. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని అందులో కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే.

ఎస్టిమేట్‌లో 'ర్యాంపు ఒకటి' అని వదిలేయకుండా వాలు, పొడవు, చదును కొలతలన్నీ రాయించండి. చివరి బిల్లుకి ముందు వీల్‌చైర్ వాడేవాళ్లనీ, చేతికర్రతో నడిచేవాళ్లనీ పిలిచి గేటు నుంచి టాయిలెట్ దాకా వెళ్లి చూడమనండి. మొదటి పెద్ద వాన పడ్డాక ఇంకోసారి చూడాలి, నీళ్లు ఎక్కడ నిలిచాయో, రాళ్లు ఎక్కడ కుంగాయో అప్పుడే తెలుస్తుంది. మీ గేటు మెట్టు ఎత్తు, గేటుకీ రోడ్డుకీ మధ్య దూరం రాస్తే ర్యాంపు ఎటు తిప్పాలో చెప్తాను.