టెస్టులన్నీ నార్మల్, అయినా కడుపు నొప్పి. సైకియాట్రిస్టు దగ్గరికి ఎందుకు వెళ్లమంటున్నారు?

కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) దాకా అన్నీ నార్మల్ వచ్చాయని, అయినా ఆఫీసుకు బయల్దేరే వేళకు కడుపులో మెలిపెట్టి లూజ్ మోషన్స్ అవుతున్నాయని రాశారు. గ్యాస్ట్రో డాక్టరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగులో పుండూ వాపూ లేకుండానే నొప్పి, విరేచనాల తేడా ఉండే జబ్బు) అని చెప్పి, బెంగళూరులోని మానసిక, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చారట. "అంటే నా నొప్పి భ్రమా?" అని అడిగారు.

భ్రమ కాదండీ. నొప్పి నిజం. అయినా ఆ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మాది కర్నూలు, ఉద్యోగం బెంగళూరులో. ఈ ఐబీఎస్ నాకూ ఏళ్ల తరబడి ఉంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో క్యాబ్ ఆగిందంటే చాలు, చెమటలు పట్టేవి, పొట్ట గుడగుడలాడేది. దారిలో ఏ పెట్రోల్ బంకు బాత్రూమ్‌కి తాళం వేసి ఉంటుందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నోటికి వచ్చేసింది. అమ్మకు ఫోన్ చేస్తే "వేడి చేసిందేమోనే, సబ్జా గింజలు నానేసి తాగు" అనేది. ఆదివారం ఇంట్లో ఉంటే అదే పప్పన్నం తిన్నా ఏ గొడవా ఉండేది కాదు.

పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయి. టెన్షన్ పడితే పెద్దపేగు కదలిక పెరుగుతుంది. పైగా ఐబీఎస్‌లో చాలామందికి పేగు నరాలు అతిగా స్పందిస్తాయి. మలద్వారం పైభాగంలో చిన్న బెలూన్ ఉబ్బించి చూసే పరీక్షల్లో, మామూలు మనుషులు పట్టించుకోని ఒత్తిడే వీళ్లకు నొప్పిగా తెలుస్తుంది. కొలనోస్కోపీలో పుండో వాపో కనిపిస్తుంది గానీ నరాల తీరు కనిపించదు. అందుకే రిపోర్టు నార్మల్, నొప్పి మాత్రం అలాగే.

నాకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు. నెట్‌లో చూస్తే డిప్రెషన్ మందు అని ఉంటుంది, కంగారుపడకండి. ఐబీఎస్‌కి ఇచ్చే మోతాదు చాలా తక్కువ, పేగు నుంచి వచ్చే నొప్పి సంకేతాలను తగ్గించడానికి ఇస్తారు. బ్రిటన్‌లో జరిగి 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లోనూ ఇదే మందు పనిచేసింది. నోరు ఎండిపోవడం, పొద్దున మత్తు ఉంటాయి. మలబద్ధకం ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇది ఇబ్బంది పెట్టొచ్చు, అందుకే సొంతంగా కొనుక్కోవద్దు.

నన్ను ఎక్కువగా మార్చింది మాత్రం సీబీటీ కౌన్సెలింగే, అంటే భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చే పద్ధతి. టిఫిన్ తినేసి కుందలహళ్లిలో మెట్రో ఎక్కి, రెండో స్టేషన్ హూడిలో దిగి వెనక్కి రమ్మన్నారు కౌన్సెలర్. అంతే పని. ఇడ్లీ తిని రైలెక్కడం నాకు అప్పుడు కొండంత పని! డోర్లు మూసుకోగానే పొట్ట బిగుసుకుంది, సీతారాంపాళ్య దాటేసరికి దానంతట అదే సర్దుకుంది. భయం పెరిగి, తగ్గి, పోతుందని ఒంటికి అలా తెలిసొచ్చాక దూరం పెంచుకుంటూ పోయాం.

తిండి మానేయడం మాత్రం చేయకండి. ఒక్కొక్కటే మానేస్తూ పెరుగన్నం మీద బతికేవాళ్లను చూశాను, మనసు ఇంకా కుంగిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ లాంటివి కొన్నాళ్లు ఆపి చూసే ఫాడ్‌మ్యాప్ డైట్ ఉంది, డైటీషియన్ చెబితేనే చేయండి. ఆపినవాటిని మళ్లీ ఒక్కొక్కటే తిని చూడడం కూడా అందులో భాగమే.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వచ్చినా, జ్వరం ఉన్నా, రక్తహీనత తేలినా అది టెన్షన్ అనుకోవద్దు. వెంటనే గ్యాస్ట్రో డాక్టరుకే చెప్పండి. పేగు వాచే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ వేరే జబ్బులు. వాటిలోనూ ఆందోళన, డిప్రెషన్ ఎక్కువే, కానీ పేగు వాపుకు మందు వాడి తీరాలి.

నిమ్హాన్స్ అంటే ఇంట్లో పిచ్చాసుపత్రి అనుకుంటారని భయపడుతున్నారు కదా, అక్కడ న్యూరాలజీ కూడా ఉందని చెప్పండి. అప్పటిదాకా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. నొప్పి ఎప్పుడు వస్తుందో దాంతోపాటు, ఎప్పుడు రాదో కూడా చెప్పండి.