ఉత్తుత్తి ప్రేమ కథ రాస్తున్న మేనకోడలికి

అమ్మాయీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. సినిమా రిలీజయ్యేదాకా ప్రేమికుల్లా నటించమని మేనేజరు చెప్పగానే హీరో హీరోయిన్లు సరేనన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారు? పబ్లిసిటీ కోసమంటే చాలదమ్మా. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ మళ్లీ చూడు. పంతుళ్ల ఉద్యోగాలు దంపతులకే ఇస్తామన్నారు కాబట్టి అందులో హీరో హీరోయిన్లు మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడారు. పైగా ఆ పిల్ల ఇంటి మీద అప్పుంది. అప్పిచ్చిన డేవిడ్, అంటే మన జిల్లా రమణారెడ్డి, పెళ్లి చేసుకోమని వెంటపడుతుంటాడు. అందుకే ఆమె మీద మనకు కోపం రాదు. నీ హీరోయిన్‌కీ అలాంటి ఇరుకు పెట్టు. అదేమిటో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోవాలి.

దుబాయ్ పాట, ఎయిర్‌పోర్టు ఫొటోలు తీసెయ్. వాళ్లని మన నెల్లూరు రొట్టెల పండగకి తీసుకురా. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లు. కెమెరాల కోసం హీరోయిన్, పెళ్లి కావాలని కోరుకునేవాళ్లు పట్టుకునే పెళ్లి రొట్టె అడుగుతుంది. ఇచ్చేది ఎవరనుకున్నావు? పోయినేడు కూతురి కోసం ఇక్కడే రొట్టె పట్టుకుని, ఆ పిల్ల పెళ్లయ్యాక మొక్కు తీర్చుకోడానికి పల్లె నుంచి వచ్చిన తల్లి. ఆమెకు వీళ్లెవరో తెలియదు. నెత్తిన కొంగు సర్దుకుని, రొట్టె రెండు చేతులతో అందించి, “కోరిక తీరినాక వచ్చి నువ్వూ ఇంకొకరికి ఇయ్యాలమ్మా” అంటుంది. ఇక అక్కడ డైలాగు రాయకు. ఫొటోలవాళ్లు ఇంకోసారి పైకెత్తి పట్టుకోమంటారు. హీరోయిన్ ఎత్తలేకపోతుంది. రొట్టె అంచు చేతిలో విరుగుతుంది. నీ ఇంటర్వెల్ అదే.

కామెడీ అంతా మేనేజరు మీద పెట్టు. బూట్లు విప్పడానికి మనసొప్పక గట్టు మీద నిలబడి అరుస్తుంటాడు, జనం గోలలో ఎవరికీ వినపడదు. ఆ తల్లి మీద మాత్రం ఒక్క జోకూ వద్దు. కులం, మతం చూడకుండా జనం దర్గాకి వస్తారు. ఆ నమ్మకాన్ని నవ్వులపాలు చేస్తే నేను ఒప్పుకోను.

నిజం బయటపెట్టే ప్రెస్‌మీట్ క్లైమాక్స్ కూడా నాకు నచ్చలేదు. ఏడాది తిరిగాక హీరోయిన్ రొట్టె తెస్తుందా, పక్కన అతనుంటాడా అన్నదే జనానికి టెన్షన్.

మొహర్రం నెలలో సెలవు పెట్టి రా. ఒక గంట ఆ నీళ్లలో నిలబడి, రొట్టె తీసుకునేవాళ్ల ముఖాలు చూడు. ఆ తర్వాతే సెకండాఫ్ మొదలుపెట్టు. అత్తయ్య ముందురోజే చేపల పులుసు పెట్టి ఉంచుతానంది.

మీ మామయ్య,
మూలాపేట, నెల్లూరు