తోటలో వాడుకోవడానికి ఆన్‌లైన్‌లో దొరికే వాకీటాకీ కొనొచ్చా? లైసెన్స్ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: నూజివీడు దగ్గర మామిడి తోట, అక్కడ సెల్ సిగ్నల్ లేదు. కాపలా మనిషితో మాట్లాడటానికి ఆన్‌లైన్‌లో ఒక వాకీటాకీ జత చూశారు. అమ్మేవాడు "లైసెన్స్ అక్కర్లేదు" అని రాశాడు. నమ్మొచ్చా?

వాడి మాట మీద కొనకండి. అది ఏ ఫ్రీక్వెన్సీలో ట్రాన్స్‌మిట్ చేస్తుందో చూసి కొనండి. నేను విజయవాడలో ఉంటాను, హ్యామ్ లైసెన్స్ (సరదాకి, ప్రయోగాలకి రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్ లైసెన్స్) ఉంది, ఇలాంటి సెట్లు చాలా చేతిలో పట్టుకుని చూశాను కాబట్టి చెప్తున్నా.

446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే తక్కువ పవర్ సెట్లకు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. కానీ చవగ్గా దొరికే చైనా సెట్లలో ఎక్కువ భాగం అలాంటివి కావు. వాటి వివరాల్లో 136-174, 400-520 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. అంటే ఆ మధ్యలో ఏ నంబరు కొట్టినా ట్రాన్స్‌మిట్ చేస్తాయి. పోలీసులు, రైల్వే, ఓడరేవులు, ఫ్యాక్టరీలు వాడే ఛానళ్లు చాలావరకు ఆ మధ్యలోనే ఉన్నాయి.

144-146 మెగాహెర్ట్జ్ మా హ్యామ్‌లకు ఇచ్చిన బ్యాండ్. పెళ్లిళ్ల సీజన్‌లో సాయంత్రం పూట అక్కడ మాకు వినపడేది ఏమిటో తెలుసా? "పైన సాంబారు అయిపోయింది, ఒక బకెట్ పంపించండి!" ఏదో క్యాటరింగ్ వాళ్లు. మాకైతే నవ్వొస్తుంది, అంతకు మించి నష్టం లేదు. అదే సెట్ మీద ఇంకో నంబరు పెట్టి బటన్ నొక్కితే పరిస్థితి వేరు. ఈ సెట్లు వాడే ఎఫ్‌ఎం పద్ధతిలో ఒకే ఛానల్ మీదకు రెండు సిగ్నళ్లు వస్తే బలంగా ఉన్నదే వినిపిస్తుంది, రెండోది దాదాపు మాయమైపోతుంది. పోలీసు రిపీటర్‌కి (సిగ్నల్ అందుకుని తిరిగి బలంగా పంపే స్టేషన్‌కి) దగ్గర్లో 5 వాట్ల సెట్ నొక్కి పట్టుకుంటే, దూరంగా ఉన్న కానిస్టేబుల్ గొంతు కంట్రోల్ రూమ్‌కి చేరదు. మాట్లాడేవాడికి ఆ సంగతే తెలియదు!

చట్టం సంగతి. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఇలాంటి పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం, వాడారా లేదా అన్నది తర్వాత. (పాటలు వినే రేడియోకి కూడా ఒకప్పుడు పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్స్ తీసుకునేవాళ్లు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, గుర్తుంటుంది. దాన్ని 1980లలో తీసేశారు.) ఇప్పుడు పాత చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, 2024 నుంచి విడతలవారీగా అమలు చేస్తున్నారు. 2025 మేలో వాకీటాకీల అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులిచ్చింది. కాబట్టి సైట్‌లో అమ్మకానికి ఉంది కదా, అంటే సరైనదే అనుకోవద్దు.

"అయితే మీలాగా హ్యామ్ లైసెన్స్ తీసుకుంటే?" అని మీకు అనిపించవచ్చు. సరదా ఉంటే తప్పకుండా తీసుకోండి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ అనే గ్రేడ్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. పరీక్ష కష్టం కాదు. పోలీసు వెరిఫికేషన్, ఫైలు కదలడం, వాటికే ఓపిక కావాలి. మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చి అడిగినప్పుడు వీధి వీధంతా నేనేం చేశానా అని చూసింది. కానీ మీ పనికి అది పనికిరాదు. హ్యామ్ బ్యాండ్‌లో వ్యాపారం పనులు మాట్లాడకూడదు, అవతల మీ కాపలా మనిషికి కూడా లైసెన్స్ ఉండాలి. అది నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, విపత్తుల్లో సాయానికి. 2004 డిసెంబరులో హ్యామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ గారి బృందం ప్రత్యేక అనుమతితో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యామ్ స్టేషన్ నడుపుతుండగానే సునామీ వచ్చింది. ఫోన్లు పోయాక అక్కడి కబుర్లు బయటికి చేరవేసింది ఆ స్టేషనే.

ఫ్యాక్టరీలు, సెక్యూరిటీ సంస్థలు డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు కేటాయించే కేంద్ర ప్రభుత్వ విభాగం) దగ్గర సొంత ఫ్రీక్వెన్సీ తీసుకుని ఏటా ఫీజు కడతాయి. ఇద్దరు మనుషుల తోటకి అంత తతంగం దండగ.

మీరైతే 446 సెట్ల జత చూడండి. కొనేముందు ఈటీఏ (ఆ మోడల్ పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) సర్టిఫికెట్ అడగండి, లైసెన్స్ అక్కర్లేని సెట్‌కి కూడా అది ఉండాలి. చూపించకపోతే వదిలేయండి. పెట్టె మీద 10 కిలోమీటర్లు అని రాసినా గుబురు మామిడి చెట్ల మధ్య కిలోమీటరు అందితే గొప్ప.

ఎవరైనా సెల్ బూస్టర్ (ఫోన్ సిగ్నల్‌ని పెంచే పెట్టె) పెట్టుకోమంటారు, ఆ జోలికి పోకండి. అనుమతి లేని బూస్టర్ టవర్ వైపు చెత్త సిగ్నల్ తోసి ఊళ్లో అందరి కాల్స్ పాడుచేస్తుంది, వెతుక్కుంటూ అధికారులు వస్తారు. మీ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి, డాబా మీద నుంచి తోట కనబడితే ఇంటి ఇంటర్నెట్‌ని తోటకి అందించే 5 గిగాహెర్ట్జ్ వైఫై లింక్ వేయించండి. దానికీ లైసెన్స్ అక్కర్లేదు, ఈటీఏ ఉన్న పరికరం అయితే చాలు. ఫోన్‌లో వైఫై కాలింగ్ పెట్టుకుంటే కాపలా మనిషి తన స్మార్ట్‌ఫోన్‌లోనే మాట్లాడతాడు. ఇల్లు, తోట మధ్య దూరం ఎంత, అడ్డం ఏముందో చెప్పండి, ఏ యాంటెన్నా సరిపోతుందో రాస్తాను.