తిరుపతి పాత ఊర్లో ఇల్లు తీసుకోవచ్చా?

గోవిందరాజస్వామి గుడి పక్క సందులో పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది, అమ్మానాన్నలతో అక్కడ ఉండడమా, ఊరి బయట కొత్త ఫ్లాట్ తీసుకోవడమా అని అడిగారు. నేను రెండూ చూశాను. తీర్థకట్ట వీధి దగ్గర సందులో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక తిరుచానూరు రోడ్డులో నాలుగేళ్లు ఫ్లాట్‌లో ఉండి, మళ్లీ ఆ సందుకే వచ్చేశాను. అందుకే మీకు తీసుకోమనే చెప్తాను.

మేం వెనక్కి వచ్చింది మా నాయన కోసం. ఫ్లాట్‌లో లిఫ్ట్ ఉంది, నీళ్లున్నాయి, కారు పెట్టుకోను చోటుంది. ఆయనకు మాట్లాడే మనిషి మాత్రం లేడు. పాత ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే పొద్దున ఆరింటికి తిన్నె మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక రోజు నేను నైట్ డ్యూటీలో ఉన్నాను, ఇంట్లో వాళ్లు పుట్టింటికి పోయున్నారు. ఆరున్నరైనా ఆయన బయటికి రాలేదని ఎదురింట్లో పూలు కట్టే అక్క, కడుతున్న మాల చేతిలో అలాగే పట్టుకుని వచ్చి తలుపు తట్టింది. షుగర్ పడిపోయి మంచం మీద చెమటలు కక్కుతున్నాడు. చక్కెర నీళ్లు తాగించి నాకు ఫోన్ చేసింది. నేను ఇంటికి చేరేసరికి మంచం మీద మల్లెపూలు రాలి ఉన్నాయి, మా నాయన లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నాడు.

ఇక మా గ్రామదేవత గంగమ్మ జాతర. మే నెలలో మంగళవారం రాత్రి చాటింపు వేశాక జాతర అయిపోయేదాకా పొలిమేర దాటి రాత్రి బయట నిద్ర చేయకూడదని మా అవ్వ కాలం నుంచి పట్టింపు. పని మీద ఎటు పోయినా రాత్రికి ఊరు చేరేవాళ్లం. జాతరలో రోజుకో వేషం: బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి చందనం. పొద్దునే పిల్లలకు పూసి, వేపమండలు చేతికిచ్చి తాతయ్యగుంట గుడికి పంపుతాం. దారిలో వాళ్లు బూతులు తిట్టినా ఎవరూ కోప్పడరు, అది అమ్మకు ఇష్టమంటారు. మా వాడు మూడేళ్లప్పుడు మొదటిసారి బండ వేషం వేశాడు. ఆ కుంకుమ చేతి గుర్తు మా ద్వారబంధం మీద పడింది, ఇంకా అలాగే ఉంది, తుడవనివ్వలేదు. వెంకన్న చెల్లెలని అమ్మకు కొండ నుంచి సారె వస్తుంది. ఫ్లాట్‌లో ఉన్న నాలుగేళ్లూ ఇవన్నీ బండి వేసుకుని పోయి చూసి వచ్చేవాళ్లం. ఇక్కడ వేషాలు మన ఇంటి ముందుకే వస్తాయి, మనం హారతి పడతాం.

ఈ ఊరు గుడి చుట్టూ పెరిగిన ఊరు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి చుట్టూ వీధులు వేయించారని చెబుతారు. తమ్ముడు వెంకన్న పెళ్లి అప్పు డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడని మా అవ్వ చెప్పేది. మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురం మా మిద్దె మీదికి ఎక్కితే కనిపిస్తుంది. తెల్లారి సుప్రభాతం, కాసేపటికి స్టేషన్ నుంచి రైలు అనౌన్స్‌మెంట్. నిద్ర లేవడానికి మాకు అలారం అక్కర్లేదు.

కష్టాలూ చెప్పాలి. కారు సందులోకి రాదు, బైకే. బ్రహ్మోత్సవాలప్పుడు అదీ దూరంగా పెట్టి నడవాలి. సెలవుల్లో యాత్రికుల రద్దీకి పాల ప్యాకెట్ తేవడమే పెద్ద పని. 2021 నవంబరు వానలకు మా మిద్దె మూడు చోట్ల కారింది. పాత దూలాలు, సున్నం గచ్చు, వాటి పని తెలిసిన మేస్త్రీ దొరకడానికి చాలా తిరిగాం, ఖర్చు కూడా అనుకున్నదానికి రెట్టింపైంది. అన్నిటికన్నా ముఖ్యం కాగితాలు. పాత ఊర్లో మఠాల స్థలాల మీద కట్టిన ఇళ్లూ ఉన్నాయి. అడ్వాన్స్ ఇవ్వకముందే ఈసీ (ఇంటి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) లాయరుకు చూపించండి, అమ్మేవాళ్లింట్లో పెద్దాయన మాట మీద పోవద్దు.

ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం పోకండి, అప్పుడు సందు నిద్రపోతుంటుంది. పొద్దున ఆరింటికి, కళ్లాపి చల్లే వేళకు మీ అమ్మానాన్నలను తీసుకునిపోండి. ఎదురు తిన్నె మీద పెద్దామె ఎవరైనా ఉంటే పలకరించి కాసేపు కూర్చోండి. కొళాయి ఏ టైముకు వస్తుందో, వానకు ఏ గది కారుతుందో అమ్మేవాళ్లకన్నా ఆమె బాగా చెప్తుంది.