కంపెనీ పెడితే ఇల్లు, పొలం భద్రమేనా?

ప్రశ్న: మాది వనపర్తి. నేను, మా బావమరిది రెండేండ్లుగా పల్లి గానుగ నూనె తీస్తున్నం. నా పెట్టుబడి 9 లక్షలు, ఆయనది 6. కాగితం రాసుకోలేదు. జీఎస్టీ, కరెంటు మీటరు నా పేరు మీదే ఉన్నయి. నెలకు 3 లక్షల అమ్మకం. పల్లీల షావుకారికి 2 లక్షలు బాకీ. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఇల్లు, పొలం జోలికి ఎవరూ రారా? 'పాలమూరు గానుగ' పేరు మాకే ఉండాలంటే ఎట్ల?

జవాబు: కాగితం లేకున్నా చట్టం దృష్టిలో మీది భాగస్వామ్యమే. వ్యాపారం కోసం మీ బావమరిది చేసిన అప్పుకు మీ ఇల్లూ పూచీ. పైగా రిజిస్టర్ కాని సంస్థ కాబట్టి నూనె తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన కొట్టు మీద దావా వేయలేరు. 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డు పడుతుంది.

అయినా ప్రైవేట్ లిమిటెడ్ ఇప్పుడే వద్దంటాను. అమ్మకం ఎంత తక్కువున్నా ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. మీకు ఎల్‌ఎల్‌పీ చాలు, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం: సంస్థ అప్పుకు సంస్థ ఆస్తే పూచీ, మీ ఇల్లు, పొలం కాదు. అమ్మకం 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు కంపెనీల చట్టం లాంటి ఆడిట్ ఉండదు. మీరు 36 దగ్గర ఉన్నారు, పండుగ నెలలు బాగుంటే దాటేస్తారు, లెక్క చూసుకోండి. ఏటా మే 30కి ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30కి ఫారం 8 (లెక్కల పత్రం) వేయాలి. లాభం మీద పన్ను 30 శాతం, పైన సెస్సు.

ఇద్దరికీ డిజిటల్ సంతకాలు తీసుకుని, ఫిల్లిప్ ఫారం (ఎల్‌ఎల్‌పీ రిజిస్ట్రేషన్ దరఖాస్తు) వేయండి. ఆఫీసు చిరునామాకు రెండు నెలలు దాటని కరెంటు బిల్లు, మీటరు మీదే అయినా మీ సమ్మతి పత్రం జతచేయాలి. రిజిస్ట్రేషన్ అయిన 30 రోజుల్లో ఒప్పందాన్ని ఫారం 3తో దాఖలు చేయాలి.

చాలామంది దెబ్బతినేది ఈ ఒప్పందం దగ్గరే. ఏదీ రాసుకోకపోతే ఎల్‌ఎల్‌పీ చట్టంలోని మొదటి షెడ్యూలు వర్తిస్తుంది: పెట్టుబడిలో, లాభనష్టాల్లో ఇద్దరికీ సమాన వాటా. మీ 9, ఆయన 6 తేడా గాలికి పోతుంది. 60:40 అని రాయించండి. నెల జీతం ఎంత, ఎంత మొత్తం దాటితే చెక్కు మీద ఇద్దరి సంతకం, ఒకరు తప్పుకుంటే వాటా విలువ ఎవరు కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి, ఒకరు పోతే వారసులు భాగస్వాములవుతారా లేక డబ్బు మాత్రమే తీసుకుంటారా, ఇవన్నీ ఉండాలి. బావమరిది ముందు ఇవి అడగడం మొహమాటమే. గొడవయ్యాక అడగడం ఇంకా కష్టం.

ఇక ఇల్లు. బ్యాంకు లోనుకు వ్యక్తిగత గ్యారంటీ సంతకం పెడితే ఎల్‌ఎల్‌పీ రక్షణ ఆ బాకీకి ఉండదు. సీజీటీఎంఎస్‌ఈ (చిన్న సంస్థల లోన్లకు బ్యాంకుకు హామీ ఇచ్చే ప్రభుత్వ ట్రస్టు) హామీ కింద తాకట్టు లేని లోను ఇస్తారా అని ముందు అడగండి. తాకట్టు లేకున్నా గ్యారంటీ సంతకం అడగొచ్చు, కాగితాలు చదివే సంతకం పెట్టండి. సంస్థ ఖాతాలోంచి ఇంటి ఖర్చులు తీయొద్దు.

కొత్త సంస్థకు పాన్, జీఎస్టీ, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి కొత్తగా తీసుకోవాలి. వ్యాపారాన్ని ఒప్పందంతో బదిలీ చేస్తే పాత జీఎస్టీలో మిగిలిన క్రెడిట్ ఐటీసీ-02 ఫారంతో అందుతుంది.

సంస్థ పేరు రిజిస్టరైతే బ్రాండు మీదైనట్టు కాదు. ట్రేడ్‌మార్క్ విడిగా, వంటనూనెలు వచ్చే 29వ తరగతిలో వేయాలి. చిన్న సంస్థగా ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్‌తో ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 4,500, పదేళ్లు చెల్లుతుంది. కానీ పాలమూరు ఊరి పేరు, గానుగ పద్ధతి పేరు, రెండూ ఎవరైనా వాడుకోదగ్గవే కాబట్టి అభ్యంతరం రావడం దాదాపు ఖాయం. ఆ రెండింటికీ సంబంధం లేని మాట ఎంచుకోండి.

షావుకారి 2 లక్షలు మాత్రం ఎల్‌ఎల్‌పీ మొదలవ్వకముందే తీర్చి, ఖాతా పుస్తకంలో చెల్లు రాయించుకోండి. కొత్త సంస్థ పెట్టినంత మాత్రాన పాత బాకీకి మీ సొంత బాధ్యత పోదు.