స్టీఫెన్ కింగ్ కొత్త పుస్తకాల్లో ముందు కథలు, ఆ తర్వాతే నవల

అమెరికన్ భయానక కథల రచయిత స్టీఫెన్ కింగ్‌ను ఇంతవరకు చదవలేదు, 2024లో వచ్చిన కథల సంపుటి ‘యు లైక్ ఇట్ డార్కర్’, 2025లో వచ్చిన థ్రిల్లర్ నవల ‘నెవర్ ఫ్లించ్’ రెండూ కొన్నాను, దేనితో మొదలుపెట్టాలి అని కదా మీరు అడిగింది. కథలతోనే మొదలుపెట్టండి.

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంటులో తెలుగువాళ్లం కొందరం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాం. నెల్లూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఎవరో ‘నెవర్ ఫ్లించ్’ ముందు చేతిలో పెట్టారు. సగం కూడా కాకముందే “అన్నా, ఇంతమంది మనుషులను గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు” అంటూ తిరిగి ఇచ్చేశాడు. సంపుటిలోని ‘డానీ కాఫ్లిన్స్ బ్యాడ్ డ్రీమ్’ తీసి ఇది చదువు అన్నాను. ఆఫీసు బస్సులో చదువుతూ, ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర బండి ఇంకాస్త ఆగితే బాగుండునని అనుకున్నాడట. ఆ జంక్షన్ గురించి అలాంటి మాట అన్నవాడిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ కథకు మూలం చాలా చిన్నది. అమెరికాలోని కాన్సస్‌లో ఒక బడిలో ఊడ్చి తుడిచే పని చేసే డానీకి కల వస్తుంది. పాడుబడ్డ పెట్రోలు బంకు వెనక మట్టిలోంచి చెయ్యి బయటికి వచ్చి ఉంటుంది, దాన్ని కుక్క కొరుకుతూ ఉంటుంది. వెళ్లి చూస్తే నిజంగానే శవం. పేరు చెప్పకుండా పోలీసులకు కబురందిస్తాడు, అక్కడితో అతని బతుకు తలకిందులవుతుంది. శవం అక్కడుందని నీకెలా తెలుసు అన్న ప్రశ్నకు నిజం చెబితే ఎవరు నమ్ముతారు? అసలు భయం కలది కాదు, వెంటపడే జాల్‌బర్ట్ అనే పోలీసు అధికారిది. ఆయన మనసు కుదురు తప్పినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు కూడుకుంటూ పోతాడు. ఆ లెక్క మొదలైన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించింది. దయ్యం లేకుండా ఇంత చీకటి పుట్టించడం అందరికీ చేతనయ్యేది కాదు.

సంపుటిలో మొత్తం 12 కథలు, అన్నీ ఒకే స్థాయిలో లేవు. చివరిదైన ‘ది ఆన్సర్ మ్యాన్’ మాత్రం వదలకండి. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో మొదలుపెట్టి పక్కన పడేసిన కథను ఆయన డెబ్బై ఐదేళ్లకు పూర్తి చేశారు. ‘రాటిల్‌స్నేక్స్’ 1981 నాటి ఆయన నవల ‘కుజో’కు కొనసాగింపు. పాతది తెలియకపోయినా అర్థమవుతుంది, కానీ ఇందులోని తండ్రి దుఃఖం బరువు తెలియాలంటే ‘కుజో’ చదివి ఉండాలి.

ఇక నవల ‘నెవర్ ఫ్లించ్’. చేయని నేరానికి జైలుకు వెళ్లిన మనిషి అక్కడే హతమవుతాడు. ఆ తీర్పు చెప్పిన జ్యూరీని కుమిలిపోయేలా చేయాలని ఒకడు సంబంధం లేని అమాయకులను చంపుతూ, శవాల చేతుల్లో జ్యూరీ సభ్యుల పేర్లు రాసిన చీటీలు పెడుతుంటాడు. ఊహ అదిరిపోయేలా ఉంది. దానికి తోడు, ఊరూరా ప్రసంగాలిచ్చే ఒక మహిళా హక్కుల కార్యకర్త వెంట పడే ఉన్మాది కథ ఇంకొకటి నడుస్తుంది. రెండింటినీ చివర ఒకచోట చేర్చిన తీరు నాకు కాస్త బలవంతంగా అనిపించింది. అయినా చివరిదాకా లాక్కెళ్లేది కింగ్ నవలల్లో మళ్లీ మళ్లీ వచ్చే డిటెక్టివ్ హోలీ గిబ్నీ. 2014 నాటి ‘మిస్టర్ మెర్సిడెస్’లో బెరుకు బెరుకుగా అడుగుపెట్టిన ఆవిడ ఇక్కడ అంగరక్షకురాలి పనికి ఒప్పుకుంటుంది. ఆ దూరం ఎంతో తెలిసినవారికే ఈ నవల రుచి. ముందరి పుస్తకం లేకుండా ఇదొక్కటే చదివితే మామూలు హంతకుడి కథలా మిగిలిపోతుంది.

కాబట్టి కథలయ్యాక ‘మిస్టర్ మెర్సిడెస్’, ఆ తర్వాత ‘నెవర్ ఫ్లించ్’. 2015లో ఉత్తమ నవలగా, నేర కథలకిచ్చే ఎడ్గర్ అవార్డు పొందిన పుస్తకం ‘మిస్టర్ మెర్సిడెస్’. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ వంటి దుకాణాల్లో పాత ప్రతుల కోసం అడిగి చూడండి. మధ్యలో 2023 నాటి ‘హోలీ’ కూడా చదవాలనుకుంటే మీ ఇష్టం, భోజనం ముందు పెట్టుకుని మాత్రం తెరవకండి.