ల్యాబుకు ఇచ్చే ముందు నెగటివ్‌ను ఏటవాలుగా పట్టి చూడండి

తాతగారి పెట్టెలో ‘120’ అనే వెడల్పు రోలు ఫిల్మ్ పాత నెగటివ్‌లు చాలా దొరికాయి, ఇంట్లోనే స్కాన్ చేసుకోవాలా, ల్యాబుకు ఇవ్వాలా అని అడిగారు. బ్లాక్ అండ్ వైట్ అయితే, అందులోనూ స్టూడియోలో తీసినవైతే, ఇంట్లోనే చేసుకోండి. డబ్బు మిగులుతుందని కాదు. నేను ఒకసారి ల్యాబుకు ఇచ్చి పోగొట్టుకున్నది ఇంక తిరిగి రాదు, అందుకని చెబుతున్నాను.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా, గాంధీ రోడ్డులో మా నాన్నకు స్టూడియో ఉండేది. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగివచ్చిన కుటుంబాలు గుండ్ల మీద గంధం ఆరకముందే వచ్చి వరుసగా నిలబడేవి. నాన్న యాషికా మ్యాట్ 124జి కెమెరాను నడుము ఎత్తున పట్టుకుని, తల వంచి పైనుంచి చూస్తూ తీసేవారు. ఫిల్మ్ అప్పట్లో ఊటీలో తయారయ్యే ఇందు బ్రాండుది. రోలుకు 12 ఫోటోలే కనుక బటన్ నొక్కే ముందు ప్రతి పిల్లవాడి గడ్డమూ సరిచేసి వచ్చేవారు.

తీయడం నాన్న పని. ముఖాలు దిద్దడం అమ్మ పని. మధ్యాహ్నం వంటింటి పని తీరాక కిటికీ దగ్గర రీటచింగ్ డెస్కు వేసుకుని కూర్చునేది. ఏటవాలు చట్రం, మధ్యలో గరుకు గాజు, కింద వెలుతురును పైకి మళ్ళించే అద్దం. టర్పెంటైన్‌లో బంక కరిగించిన మీడియాన్ని దూదితో నెగటివ్ మీద పలచగా రాసి ఆరనిచ్చేది. అది లేకపోతే ఫిల్మ్ మీద పెన్సిల్ పట్టదు. ఆ తరువాత ఉప్పు కాగితం మీద సూదిమొనలా అరగదీసిన గట్టి పెన్సిల్‌తో, భూతద్దంలోంచి చూస్తూ, చుక్క పక్కన చుక్క. ప్రింటులో నల్లగా పడే గుంట నెగటివ్‌లో తేటగా ఉంటుంది. ఆ తేట చోటును పెన్సిల్‌తో నింపితే ప్రింటులో చెంప నునుపుగా వస్తుంది. 120 నెగటివ్‌లో ముఖం బొటనవేలి గోరంత కూడా ఉండదు. ఊపిరి బిగబట్టి చేసే పని అది.

మన దేశంలో మశూచి లేదని ప్రకటించింది 1977లో. అంతకు ముందు ఏడాది మా చిన్నత్త పెళ్ళి. చిన్నప్పుడు వచ్చిన మశూచి ఆమె రెండు చెంపల మీదా గుంటలు వదిలి వెళ్ళింది. పెళ్ళికూతురి ఫోటో ఒక్కదానికే అమ్మ మూడు మధ్యాహ్నాలు కూర్చుందట. ఆ ఫోటోను మా ఇంట్లోనూ, అత్త ఇంట్లోనూ గోడ మీద చూస్తూనే నేను పెరిగాను.

2019లో, నాన్న పోయిన మరుసటి ఏడాది, 60 నెగటివ్‌లు ఎంచుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి ఒక ల్యాబులో ఇచ్చాను. పెద్ద యంత్రాలు, తెల్ల చేతి తొడుగులు చూసి ధైర్యం కలిగింది. పది రోజుల తరువాత ఒక పెన్ డ్రైవ్, కొత్త కవర్లలో మిలమిలలాడుతున్న నెగటివ్‌లు నా చేతికి వచ్చాయి. బిల్లులో ‘శుభ్రపరిచినందుకు’ అని ఒక వరస ఉంది. సంతోషంగానే కట్టాను.

ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో పెళ్ళి ఫోటో తెరిచాను. బాసికం అదే, జడ అదే, చూపు అదే. చెంపల నిండా గుంటలు. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. “మీడియం తుడిచేశారు పాపా” అంది. టర్పెంటైన్ బంక కనుక ఫిల్మ్ క్లీనర్ తగలగానే కరిగిపోతుంది, దానితోపాటే పెన్సిలూ పోతుంది. మూడు మధ్యాహ్నాల పని ఒక్క తుడుపుతో పోయింది. ఆ ఆదివారం అత్త వచ్చింది. దాచలేకపోయాను. చూసి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “వదినా, నువ్వు పూడ్చినవన్నీ మళ్ళీ తవ్వేశారే” అంది.

ల్యాబుకు ఫోన్ చేస్తే, మురికి ఉంటే తుడిచాం అన్నారు. నెగటివ్‌లో మిగతా భాగమంతా శుభ్రంగా ఉండి, ముఖం మీద మాత్రమే అంత క్రమంగా మురికి ఎలా పడుతుంది? భూతద్దంతో ఒక్క నిమిషం చూసి ఉంటే తెలిసేది. రీటచింగ్ అనే పని ఒకటి ఉండేదని కూడా తెలియనివారి చేతికి పాత నెగటివ్‌లు ఇస్తున్నాం. నా కోపం అది. పైగా చదరంగా తీసిన ఫోటోల అంచులు కోసి పొడుగ్గా చేశారు. కాంట్రాస్ట్ పెంచి పట్టుచీర జరీని తెల్లటి మచ్చగా మార్చారు. ఇవన్నీ మళ్ళీ స్కాన్ చేస్తే సరవుతాయి కనుక క్షమించగలను. పెన్సిల్ సంగతి అలా కాదు.

అప్పటి నుంచి నేనే చేస్తున్నాను. ఎప్సన్ వి600 ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొన్నాను. పెట్టె మీద 6400 డిపిఐ (అంగుళానికి అన్ని చుక్కలు) అని రాసి ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి, ఫైలు బరువు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆరు బై ఆరు సెంటీమీటర్లు అనే ఈ చదరపు ఫ్రేము నిజానికి పక్కకు 56 మిల్లీమీటర్లు. 2400 పెడితే పక్కకు దాదాపు 5300 పిక్సెళ్ళు, అంటే 2.8 కోట్ల పిక్సెళ్ళు. గోడకు తగిలించే పెద్ద ప్రింటుకు కూడా చాలు. 16 బిట్ గ్రేలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా దాచండి. దుమ్ము తొలగించే డిజిటల్ ఐస్‌ను ఆపేయండి. అది పరారుణ కాంతితో దుమ్మును పసిగడుతుంది, కానీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లోని వెండి ఆ కాంతినీ అడ్డుకుంటుంది కనుక బొమ్మనే దుమ్ము అనుకుని పాడుచేస్తుంది. ఫిల్మ్ వంకర తిరిగి గాజుకు తగిలితే నూనె మరకల్లాంటి వలయాలు పడతాయి. ముందు రెండు రోజులు బరువైన పుస్తకాల కింద ఉంచండి. తెల్లవారుజామున, తడిబట్టతో గది తుడిచి, ఫ్యాను ఆపి పని మొదలుపెట్టండి. మే నెల తిరుపతిలో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆపాలి. దుమ్మును రబ్బరు బ్లోయర్‌తో మాత్రమే ఊదండి. మన అక్టోబరు, నవంబరు వానలకు బూజు పట్టిన ఫిల్మ్‌ను నీళ్ళతో అసలే కడగవద్దు. బూజు తిన్న జెలటిన్ నీటిలో కరిగిపోతుంది, బొమ్మే జారిపోతుంది.

కలర్ నెగటివ్‌ల సంగతి వేరు. నారింజ రంగు పొరను తీసి అసలు రంగులు రాబట్టడం ఇంట్లో చాలా ఓపిక అడుగుతుంది. వాటిని మంచి ల్యాబుకు ఇవ్వవచ్చు, తుడవవద్దని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి. ప్రింటు ఉంది కదా, నెగటివ్ ఎందుకు అనే బంధువుల మాట వినకండి. మా వీధిలో మూతపడిన ఒక స్టూడియో నెగటివ్‌లన్నీ వెండి కోసం కొనేవారికి బస్తాల్లో వెళ్ళిపోయాయి. ఎన్ని ఊళ్ళ వాళ్ళ ముఖాలు ఉన్నాయో వాటిలో.

ఇంట్లో స్కాన్ చేయడం వల్ల నాకు అనుకోనిది ఒకటి దొరికింది. 2400 దగ్గర అమ్మ పెన్సిల్ గీతలు చిన్న చిన్న కామాల్లా కనిపిస్తాయి. అసలు ఫైలులో వాటిని చెరపను, కాపీలో మాత్రమే తగ్గిస్తాను. అమ్మ పక్కన కూర్చుని వాటిని చదువుతుంది. “ఇది మాఘమాసం పెళ్ళిళ్ళ రద్దీలో చేసినది, గీతలు ఎంత పొడుగ్గా వేశానో చూడు” అంటుంది. ఒక ముసలాయన నుదుటిని చూపించి, ముడతలు ఉంచమని ఆయనే అడిగారని చెప్పింది.

చిన్నత్త నెగటివ్‌ను మళ్ళీ దిద్దమని అడిగాను. మీడియం లేదు, డెబ్బై దాటిన చేతికి ఆ నిలకడా లేదు అంది. చివరికి కంప్యూటర్‌లో నేను దిద్దాను, ఏ గుంట ఎంత నింపాలో తను వేలు పెట్టి చూపించింది. పూర్తిగా నునుపు చేయబోతే ఆపేసింది. “ముక్కు పక్కది వదిలెయ్, అది పుట్టుమచ్చ. అప్పుడూ వదిలేశాను.”

మీ తాతగారి నెగటివ్‌లను ఉదయపు ఎండలో కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి, మెరుపు లేని వైపు మీకు కనిపించేలా, ఏటవాలుగా పట్టి చూడండి. ముఖాల మీద పెన్సిల్ మెరుపు సన్నగా కనిపిస్తే ఆ స్ట్రిప్పులను విడిగా ఒక కాగితపు కవరులో పెట్టి, పైన ‘తుడవవద్దు’ అని రాయండి. స్కాన్ చేయడం వాటితోనే మొదలుపెట్టండి.